వంతెన డ్రాయింగ్ ఖాయమయ్యేలోపు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. పాత వంతెన తీసేసి కొత్తది కడుతున్నారనీ, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ చోటు అడగబోతున్నావనీ చదివి చాలా సంతోషం వేసింది. ఇంజనీర్ల ఆఫీసుకి ఎప్పుడు వెళ్లమంటావని అడిగావుగా, ఈ వారమే వెళ్లు. టెండర్లు పిలిచాక వెళితే నీ మాట విని తలూపుతారు గానీ డ్రాయింగ్‌లో గీత కదలదు.

అదంతా బరువుతో వచ్చే చిక్కు. జనం కిక్కిరిసి నిలబడే బాటకి ఇంజనీర్లు చదరపు మీటరుకి సుమారు 500 కిలోలు లెక్క కడతారు. అంటే 4 మీటర్ల వెడల్పు బాట వేస్తే వంతెన పొడవునా మీటరుకి 2 టన్నులు. ఆ భారం అంచున ఉండే గర్డర్ మీద, అంటే వంతెనని మోసే దూలం మీద, అక్కణ్ణుంచి పిల్లర్ మీద, పునాది మీద పడుతుంది. మొదట్లోనే చెబితే వాటిని దానికి తగ్గట్టు డిజైన్ చేస్తారు. ఆలస్యంగా అడిగితే పక్కకి బ్రాకెట్లు బిగించి, కట్టిన గర్డర్‌నే మళ్లీ బలపరచాలి. అప్పుడు వాళ్లు "ఖర్చు ఎక్కువండీ" అంటే కాదనలేవు. పైగా వంతెన అంటే 75 ఏళ్లో 100 ఏళ్లో నిలిచేది. ఇప్పుడు తప్పిన చోటు మన మనవల కాలానికి గానీ దొరకదు.

ఆఫీసులో అందమైన రంగుల బొమ్మ చూపిస్తారు. అది పక్కన పెట్టి క్రాస్ సెక్షన్ డ్రాయింగ్ ఇమ్మని పేరు పెట్టి అడుగు. వంతెనని అడ్డంగా కోసినట్టుండే కాయితం అది. అసలు నిర్ణయమంతా అందులోనే ఉంటుంది. మొదట చూడాల్సింది క్రాష్ బారియర్, అంటే అదుపు తప్పిన వాహనాన్ని ఆపే గట్టి అడ్డుగోడ, ఎక్కడుందని. వాహనాలకీ బాటకీ మధ్య ఉండాలి. బాటకి బయటి అంచున పెడితే బస్సు అదుపు తప్పినప్పుడు మొదట మనుషుల మీదికే వస్తుంది. తర్వాత వెడల్పు. "ఫుట్‌పాత్ 1.5 మీటర్లు" అని రాసి ఉంటే అదంతా నడవడానికి దక్కుతుందనుకోకు. రెయిలింగ్‌కి రాసుకుంటూ ఎవరూ నడవరు, దీపస్తంభం మరికొంత తినేస్తుంది. మిగిలిన దాంట్లో ఎదురెదురుగా వచ్చే చక్రాల కుర్చీ, పిల్లని ఎత్తుకున్న తల్లి తప్పుకోలేరు. నడకకి 2 మీటర్లు, రెండు వైపులా తిరిగే సైకిళ్లకి 3 మీటర్లు, గోడకీ రెయిలింగ్‌కీ అర మీటరు చొప్పున విడిగా అడుగు. చోటేదీ అంటారు. నాలుగు లేన్లూ 3.6 నుంచి 3.3 మీటర్లకి తగ్గిస్తే 1.2 మీటర్లు అక్కడే దొరుకుతాయని చెప్పు. లేన్ ఇరుకైతే డ్రైవర్లు సాధారణంగా కాస్త నెమ్మదిస్తారు కూడా.

ఇంత సాధించినా వంతెన చివర్లు వదిలేస్తే అంతా వృథా. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి తూర్పు భాగాన్ని కొత్తగా కట్టి 2013లో తెరిచారు, దాని పక్కన 4.7 మీటర్ల చక్కని బాట వేశారు. కానీ అడ్డున్న పాత వంతెనని విప్పి తీసేదాకా, 2016 వరకూ, అది మధ్యలో ఉన్న దీవిని చేరనే లేదు. పడమటి భాగం 1936 నాటిది, దాని మీద బాట లేదు కాబట్టి సైకిల్ మీద నగరంలోకి దాటడం ఇప్పటికీ కుదరదు. అందుకే బాట ఎక్కడ మొదలై ఏ వీధిలో దిగుతుందో గీసి చూపించమను. ర్యాంప్ వాలు 20కి 1 మించకూడదు. 6 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే 120 మీటర్ల ర్యాంప్ కావాలి, ఆ స్థలం ఇప్పుడే సేకరించకపోతే తర్వాత మెట్లే గతి. వంతెన దిగగానే కార్లు ఆగకుండా ఎడమకి తిరిగిపోయే వంపు రోడ్డు ఉందా చూడు. రోడ్డు దాటేవాళ్లకి అదే గండం. ఏటి ఒడ్డున బాట ఉంటే గనక అబట్‌మెంట్‌ని, అంటే వంతెన చివర ఆనే ఒడ్డు గోడని, వెనక్కి జరిపి, కింద కనీసం 2.5 మీటర్ల ఎత్తు వదలమను. ఇది వంతెన కట్టేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ సాధ్యం కాదురా.

చిన్నవి కూడా మరిచిపోకు. ఎండకి వంతెన సాగడానికి వదిలే ఎక్స్‌పాన్షన్ జాయింట్ సందులో సన్నటి టైరు దిగితే మనిషి ముందుకి పడతాడు. దాని మీద జారని పలక వేయాలి. నీరు పోయే జాలీ కమ్మీలు ప్రయాణానికి అడ్డంగా ఉండాలి, నిలువుగా కాదు. రెయిలింగ్ 1.4 మీటర్లు అడుగు. సైకిల్ మీద కూర్చున్నవాడి బరువు కేంద్రం నిలబడ్డవాడి కంటే పైన ఉంటుంది, నడుము ఎత్తు కమ్మీ అతన్ని ఆపలేదు. పనులు జరిగే రెండు మూడేళ్లూ తాత్కాలిక బాట ఉండాలని టెండర్ షరతుల్లోనే రాయించు.

లెక్కలు పట్టుకెళ్లు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు దాటేవాళ్లని లెక్కపెట్టండి. "సైకిళ్లే లేవు కదా" అంటే, ఇప్పుడున్న వంతెన మీద తొక్కే ధైర్యం ఎవరికీ లేదని చెప్పు. ఏట్లో ఈదేవాళ్లని లెక్కపెట్టి వంతెన అక్కర్లేదని తేల్చరు కదా. నీతో బడిపిల్లల తల్లిదండ్రుల్నీ, చక్రాల కుర్చీ వాడేవాళ్లనీ తీసుకెళ్లు. అర్జీ ఒక్క పేజీ చాలు. అందులో ప్రతి కోరికా మీటర్లలో ఉండాలి. "సౌకర్యం కల్పించగలరు" అని రాస్తే తెల్లగీత ఒకటి గీసి సరిపెడతారు.

క్రాస్ సెక్షన్ చేతికందిన రోజే ఫొటో తీసి పంపు. అంకెలు కలిసి చూద్దాం.

నీ
రఘు