బడికి తెచ్చిన యుద్ధకాలపు ఉత్తరం

సంపాదకులు గారికి,

పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున రెండో ప్రపంచ యుద్ధం నాటి ఉత్తరాలు ఉంటాయి. కొన్ని సిపాయిలు రాసినవి, కొన్ని రంగూన్ వలస వెళ్లినవాళ్లవి. బడిలో ప్రదర్శన అనగానే పిల్లలు వాటిని తెచ్చి చార్టుకు బంకతో అతికించేస్తున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. సెల్లోటేపు పెట్టినచోట కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. లామినేషన్ చేశాక ఇక ఊడదీయలేం. రెండు వైపులా, కవరుతో సహా ఫోన్‌లో ఫోటో తీసి పెద్దదిగా ప్రింటు తీస్తే చాలు. పెన్సిల్ రాత వెలిసి ఉంటే వెలుతురు పక్కనుంచి పడాలి. అసలు ఉత్తరం ఆ రోజే ఇంటికి చేరాలి.

పీరియడ్‌కు ఒక్క ఉత్తరం, నలుగురికి ఒక కాపీ. మొదటి పది నిమిషాలు కవరే చూడనివ్వాలి. సిపాయి ఉత్తరమైతే ముద్రలో ఊరి పేరుండదు, ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం వెంట ఉండే తపాలా కార్యాలయం) నంబరే ఉంటుంది. దళంతోపాటు ఆ నంబరూ కదిలేది కాబట్టి, నెల తెలియనిదే చోటు చెప్పలేం. తరవాత గొలుసుకట్టు రాత, అంటే అక్షరాలు కలిపి రాసే పాత చేతిరాత: ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. అర్థంకాని మాట దగ్గర ఖాళీ వదలాలేగానీ ఊహించి నింపకూడదు.

తప్పులు ఎక్కువగా తేదీ దగ్గరే. ‘చిత్రభాను మాఘం’ అని ఉంటే పిల్లలు 1942 అని రాసేస్తారు. 1942 ఉగాదికి మొదలైన ఏడాది కదా, మాఘం వచ్చేసరికి 1943 ఫిబ్రవరి. రంగూన్ 1942 మార్చి 8న జపాన్ వశమైంది. ఆ తరవాతి తేదీతో అక్కడినుంచి మామూలు టపాలో ఉత్తరం వచ్చిందంటే తేదీ మళ్లీ చదవాల్సిందే.

రెండో పొరపాటు ‘ఇచ్చట క్షేమం’ అన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోవడం. అది ఉత్తరం మర్యాద. పైగా చదువురాని సిపాయి చెబితే రాసింది మరొకరు, దారిలో విప్పి చదివింది సెన్సారు అధికారి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి రాసిన మన సిపాయిలు భారతీయులను నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలనీ మరుగుమాటల్లో చెప్పారు. సెన్సారువాళ్లు అదీ పసిగట్టారు. ఆ ఉత్తరాల్లో చాలావాటికి ఇవాళ మిగిలింది వాళ్లు చేయించిన ఇంగ్లీషు అనువాదమే. సిపాయి మాట సిపాయి భాషలోనే ఉన్న కాగితం మన ఇంట్లో దొరికితే దాని విలువ ఇంకెంతో! అందుకే ‘ఏం రాశాడు’ తో ఆపకుండా ‘ఎవరు చదువుతారని ఇలా రాశాడు’ అని పిల్లలను అడగాలి. ఊరి పేరు, దెబ్బతిన్న సంగతి, తిండి మాట, వీటిలో ఏవి లేవో బోర్డు మీద రాయించాలి.

ఇంటివాళ్ల అనుమతి తప్పనిసరి. అప్పులు, తగాదాలు, జబ్బుల మాటలున్న వరుసలను కాపీ తీసే ముందే కప్పేయాలి.

– సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు,
గజపతి జిల్లా, ఒడిశా