జిల్లా పెట్రోలు బంకు డీలర్ల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికను జరిగిన సమావేశాల వరుసతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారి దాన్ని పక్కన పెట్టాను. కార్యవర్గం ఏ విషయం మీద కూర్చున్నా మాట చివరికి ఒకే చోటికి చేరింది. అది బంకు వెనక గదిలో దుమ్ము పట్టిన కంప్యూటరు, దానికి తగిలించిన పాత కంట్రోలరు, అంటే పంపులనూ ట్యాంకు కొలతలనూ కంప్యూటరుకు కలిపే పెట్టె.

2017 జూన్ 16న దేశమంతటా రోజువారీ ధరలు మొదలైనప్పటి హడావిడి పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు మే 1 నుంచి ప్రయోగానికి ఎంచుకున్న అయిదు నగరాల్లో మన విశాఖపట్నం కూడా ఉంది. ధర అర్ధరాత్రి మారుతుందని మొదట చెప్పారు. డీలర్లు అభ్యంతరపెట్టాక ఉదయం 6 గంటలకు జరిపారు. పంపులన్నిటినీ కంప్యూటరు నుంచి నడిపే ఆటోమేషన్ లేని బంకులో ఒక్కో పంపు దగ్గరికీ వెళ్ళి చేత్తో ధర మార్చవలసి వచ్చేది. ఆ రోజుల్లో బిగించిన సామగ్రితోనే మనలో పలువురు ఇంకా నెట్టుకొస్తున్నారు. విండోస్ 7కు 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది. విండోస్ 10 వంతు 2025 అక్టోబరు 14న వచ్చింది. వెనక గది ఫొటో పంపమని సభ్యులను అడిగితే, ఒకరు పంపిన దానిలో కంట్రోలరు మీద టీ గ్లాసు ఉంది. పేరు చెప్పను, గ్లాసు మాత్రం తీయించాం.

పాతది తీసి కొత్తది పెట్టించుకోవడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. అసలు చిక్కు మార్పిడి రోజున వస్తుంది. వర్షాకాలంలో మా బంకులో పిడుగు దెబ్బకు కంట్రోలరు కార్డు కాలిపోయింది. సర్వీసు మనిషి వచ్చి కొత్తది బిగించి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. మర్నాటి నుంచి ప్రతి రోజూ స్టాకులో తేడా. తరుగు అనుకున్నాను, పంపు సిబ్బందిని అనుమానించాను కూడా. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవడమే మర్యాద. వారం తర్వాత తేలిందేమిటంటే, కొత్త పెట్టెలో ఎక్కించిన ట్యాంకు చార్టు (ఏ ఎత్తుకు ఎన్ని లీటర్లో చెప్పే పట్టిక) మా ట్యాంకుది కాదు.

చార్టు తప్పితే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. మన ట్యాంకులు పడుకోబెట్టిన పీపాలు. రెండు మీటర్ల వ్యాసంతో 20,000 లీటర్లు పట్టే ట్యాంకులో, సగం దగ్గర ఒక సెంటీమీటరుకు సుమారు 127 లీటర్లు ఉంటాయి. అడుగు నుంచి పది సెంటీమీటర్ల ఎత్తులో అదే సెంటీమీటరుకు 55 లీటర్ల చిల్లర మాత్రమే. అందువల్ల తప్పు చార్టు ఒక రోజు లాభం చూపిస్తుంది, ఇంకో రోజు నష్టం చూపిస్తుంది. ఆ తేడా ఒక పద్ధతిగా రాకపోవడం వల్లనే మనిషి మీదికి అనుమానం పోతుంది.

అందుకే కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. కంట్రోలరు మార్చే ముందు ప్రతి నాజిల్ టోటలైజరు (అప్పటిదాకా పోసిన మొత్తం లీటర్లు చూపేది) అంకెను ఫొటో తీసుకోవాలి. ట్యాంకు చార్టు అసలు కాగితాన్ని చేతిలో ఉంచుకుని, కొత్త యంత్రంలోని అంకెలతో కనీసం నాలుగు ఎత్తుల దగ్గర పోల్చాలి. తర్వాత వారం రోజులు డిప్ రాడ్ (ట్యాంకులో ముంచి చూసే కొలబద్ద) కొలతనూ ప్రోబ్ (ట్యాంకులో ఉండే ఎలక్ట్రానిక్ కొలత కడ్డీ) కొలతనూ పక్కపక్కనే రాయాలి. రాడ్‌ను మూల పడేయకండి. అది పిడుగుకు కాలిపోదు. అయితే రాడ్‌కు వేడి తెలియదు. పెట్రోలు డిగ్రీకి దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది. ఎండలో వచ్చిన 12,000 లీటర్ల ట్యాంకరు సరుకు భూమిలో ఎనిమిది డిగ్రీలు చల్లబడితే, ఎవరూ దొంగిలించకుండానే దాదాపు వంద లీటర్లు తగ్గుతుంది. ప్రోబ్‌లో ఉష్ణోగ్రత కూడా నమోదవుతుంది. ఆ అంకెను మనం చూడకపోతే అది ఉన్నా లేనట్టే.

పంపు మీటరుకు వేసే ప్రభుత్వ ముద్రల గురించి ఒక హెచ్చరిక. వెనక గదిలో కంట్రోలరు మార్చడం వేరు, పంపు లోపల మీటరును, పల్సరును (మీటరు లెక్కను సంకేతాలుగా పంపే భాగాన్ని) ముట్టుకోవడం వేరు. ముద్ర తెగితే తూనికలు కొలతల శాఖ వచ్చి తిరిగి ముద్ర వేసేదాకా ఆ నాజిల్‌తో అమ్మకూడదు. ఏడాదికోసారి జరిగే తనిఖీకి ఇది అదనం. 2017లో లక్నోలో కొలత తగ్గించే చిప్పులు పెట్టిన పంపులు పట్టుబడ్డాయి. 2020లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న అలాంటి చిప్పుల ముఠా మన రెండు రాష్ట్రాల బంకుల్లోనే పనిచేసింది. అప్పటి నుంచి పంపు తలుపు తెరిచి ఉంటే చాలు, వినియోగదారుడు ఫోను తీస్తున్నాడు. అందుకు అతణ్ణి తప్పుపట్టలేం. అయిదు లీటర్ల కొలపాత్రను ఎప్పుడూ కనబడే చోట ఉంచండి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను చట్టం ఒప్పుకుంటుందని సిబ్బందికి నేర్పండి, కానీ దాన్ని హక్కుగా వాదించవద్దని కూడా చెప్పండి.

పెట్రోలులో కలిపే ఇథనాల్ 20 శాతానికి చేరాక నీటి సమస్య రూపం మారింది. కొద్దిపాటి నీరు పెట్రోలులోనే కలిసిపోతుంది. హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆ అడుగు పొర మామూలు నీటికంటే తేలిక కాబట్టి ప్రోబ్ అడుగున నీటిని పసిగట్టే పాత ఫ్లోటు లేవకపోవచ్చు, నీరు ఉందో లేదో చూడడానికి రాడ్‌కు పూసే పాత పేస్టు రంగు మారకపోవచ్చు. తెర మీద నీరు సున్నా అని కనబడినంత మాత్రాన ధీమాగా ఉండకండి. మార్పిడిలో ఇథనాల్ మిశ్రమానికి తగిన ఫ్లోటు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. మూత సందుల్లోంచి వాన నీరు దిగకుండా చూసుకోవడం మాత్రం మన పనే.

బంకులో దుకాణం నడిపేవారికి సెప్టెంబరు 22 నాటి జీఎస్టీ మార్పు అసలు పరీక్ష పెట్టింది. బిస్కెట్లు, నీళ్ళ సీసాలు 18 నుంచి 5 శాతానికి దిగాయి, శీతల పానీయాలు 40కి చేరాయి, ఇంజన్ ఆయిలు 18 దగ్గరే నిలిచింది. పెట్రోలు, డీజిల్ ఎప్పటిలాగే జీఎస్టీ బయట. పాత బిల్లింగ్ యంత్రాల్లో ఒక్కో వస్తువుకూ రేటు చేత్తో మార్చుకుంటూ కొందరు రాత్రంతా కూర్చున్నారు. పంపు బిల్లు, దుకాణం బిల్లు ఒకే తెర మీద ఇచ్చే యంత్రాలు అమ్మేవారు ఇప్పుడు మన దగ్గరికి వస్తున్నారు. రేట్ల పట్టికను మనమే మార్చుకోగలమా, ప్రతిసారీ వాళ్ళను పిలవాలా అని ముందు అడగండి. రంగుల తెర సంగతి తర్వాత చూడవచ్చు.

సమావేశాల వివరాలు, జమాఖర్చులు కోశాధికారి పత్రంలో ఉన్నాయి. సిబ్బంది శిక్షణ అనుకున్నంత జరగలేదు, ఆ లోపం కార్యవర్గానిదే. వర్షాలు మొదలయ్యేలోగా ప్రతి బంకులో ఎర్తింగ్ పరీక్ష చేయించుకోవాలని మనవి. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మీ ట్యాంకు చార్టు నకలు ఒకటి వెంట తెచ్చుకోండి. భోజనానికి ముందే పోల్చి చూద్దాం.

ఇట్లు,
కార్యదర్శి