సరిహద్దు దగ్గర తెగిపోతున్న ఇంజక్షన్ల కోర్సు

సంపాదకులకు నమస్కారాలు.

ఉభాలు (వరినాట్లు) మొదలైతే చాలు, ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ, పక్కనున్న రాయగడ, గంజాం జిల్లాల తెలుగు ఊళ్లలోనూ జ్వరం మాట వినిపించని వీధి ఉండదు. పత్రికల్లో గానీ, అధికారుల సమీక్షల్లో గానీ జ్వరమంటే మలేరియా, డెంగీల దగ్గరే చర్చ ఆగిపోతున్నది. బాక్టీరియా రక్తంలోకి పాకి, రోజుల తరబడి నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కిస్తే తప్ప బతికి బయటపడని రోగుల సంగతి ఎవరికీ పట్టడం లేదు. వారికి వైద్యం అందకపోవడం కన్నా, అందిన వైద్యం మధ్యలో తెగిపోవడమే ఇక్కడ పెద్ద ఆపద అని నా అభిప్రాయం.

మెలియాయిడోసిస్ అనే జబ్బునే తీసుకుందాం. దీనికి కారణమైన బాక్టీరియా తడి నేలలో, వరిమళ్ల నీటిలో ఉంటుంది. కాలి పగుళ్ల గుండానో, గాయం గుండానో, ఈదురు వానల్లో ఊపిరితోనో ఒంట్లోకి చేరుతుంది. షుగరు ఉన్నవారికి దీని ముప్పు ఎక్కువ. ఊపిరితిత్తులకు సోకితే క్షయలా కనిపించి వైద్యులనే తికమక పెడుతుంది. ఊళ్లో అలవాటుగా వేసే జెంటామైసిన్‌కు ఇది సాధారణంగా లొంగదు. సెఫ్ట్రియాక్సోన్‌ను నమ్ముకోవడానికీ లేదు. సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం 10 నుంచి 14 రోజులు నరానికి ఎక్కించి, ఆ తరువాత కనీసం 3 నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు వాడాలి. మెరోపెనెమ్‌ను 8 గంటలకొకసారి, సెఫ్టాజిడైమ్‌ను 6 లేక 8 గంటలకొకసారి ఇస్తారు. అంటే రోజుకు మూడు నాలుగు డోసులు పడాలి. వాటిలో ఒకటి రాత్రిపూట పడక తప్పదు.

చిక్కంతా ఆ రాత్రి డోసు దగ్గరే వస్తున్నది. పర్లాకిమిడి నుంచి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వంద కిలోమీటర్లు పైమాటే. అందుకని చాలామంది శ్రీకాకుళానికో, విశాఖపట్నం కె.జి.హెచ్.కో పోతారు. జ్వరం దిగి రోగి లేచి కూర్చోగానే, మంచాలు చాలకనో, ఇంటి దగ్గర పశువులను చూసే దిక్కు లేకనో, తోడు వచ్చినవారి కూలి పోతున్నదనో, మిగిలిన డోసులు ఊళ్లోనే వేయించుకుంటామని కాగితం రాయించుకుని వచ్చేస్తారు. మా పినతండ్రిగారి అబ్బాయి అలాగే వచ్చాడు. చేతికి గులాబీ రంగు క్యాన్యులా (మందు ఎక్కించేందుకు నరంలో ఉంచే సన్నని గొట్టం), దాని మీది ప్లాస్టరుపై పెన్నుతో వేసిన తేదీ, సంచిలో పొడి మందు సీసాలు. దగ్గరలోని ఒక ఆసుపత్రిలో పగటి డోసులు వేశారు గానీ, రాత్రి డోసుకు మాత్రం "పొద్దున్నే వేస్తాంలే" అన్నారు. ఆదివారం అడిగేందుకు కూడా మనిషి లేడు. క్యాన్యులా ఉన్న చోట నరం ఎర్రబడి తాడులా బిగుసుకుపోయింది. తాకబోతేనే చెయ్యి వెనక్కు లాక్కునేవాడు. దాన్ని తీసేశాక మరోచోట నరం దొరకలేదని ఒక పూట మందే పడలేదు. కొద్ది రోజులకే చలిజ్వరం తిరగబెట్టింది, మళ్లీ అదే నగరానికి మోసుకుపోవలసి వచ్చింది.

ఇలాంటప్పుడు ఇంటికి వచ్చి సూది వేసే ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. రాత్రి పదింటికి తలుపు తడితే పలికేది ఆయనొక్కడే అన్న మాట కూడా ఒప్పుకోవాలి. అయితే బాక్టీరియాను పెంచి గుర్తుపట్టే కల్చర్ పరీక్షకు రక్తం తీయకముందే ఒకటి రెండు యాంటీబయాటిక్ సూదులు పడితే, పరీక్షలో బాక్టీరియా పెరగక, జబ్బు ఏదో తేలకుండానే పోతుంది. సెఫ్ట్రియాక్సోన్, సెఫ్టాజిడైమ్, మెరోపెనెమ్ మూడూ హెచ్1 షెడ్యూలులోని మందులే. 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న ఆ నిబంధన ప్రకారం డాక్టరు చీటీ చూసి, రిజిస్టరులో రాసుకున్నాకనే దుకాణదారు వాటిని అమ్మాలి. మనవాళ్లకు కూడా సెలైను సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు. మాత్రలతో నయమయ్యే జబ్బుకు సెలైను పెట్టించుకుని మంచాలు నింపితే, నిజంగా నరం ద్వారానే మందు పడవలసినవారికి చోటు ఎక్కడిది?

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు అయ్యాయి గానీ, బంధుత్వాలు, బేరసారాలు, వైద్యం నేటికీ రెండు వైపులా నడుస్తూనే ఉన్నాయి. ఆంధ్రలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఇక్కడ చూపితే ఇది మేము రాసిన మందు కాదంటారు. ఒడిశా కార్డు పట్టుకుని అవతలికి వెళితే మీ జిల్లాకే పొమ్మంటారు. ఎన్నికల బందోబస్తుకూ గంజాయి తనిఖీలకూ రెండు రాష్ట్రాల అధికారులు ఒకచోట కూర్చుంటున్నారు కదా, ఆ కూర్చున్నప్పుడే ఈ విషయానికీ ఒక దారి చూడవచ్చు. కల్చర్ ఫలితం, మందు పేరు, ఎన్ని డోసులు పడ్డాయి, ఎన్ని మిగిలాయి, ఏ గంటకు వేయాలి, మధ్యలో కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయాలి అన్నవి డిశ్చార్జి కాగితంపై స్పష్టంగా రాసి, రోగి బయలుదేరక ముందే ఊరి దగ్గరి ఆసుపత్రి వైద్యుడికి ఫోనులో అప్పగించే పద్ధతి రావాలి. ఆ వైద్యుడు రోగిని స్వయంగా చూసి, కాగితం ఏ రాష్ట్రానిదైనా అదే కోర్సు కొనసాగించాలి. ఒడిశాలో నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగానే ఇస్తారు. రాత్రిపూట వాటిని ఎక్కించే మనిషి లేకపోవడమే అసలు లోటు.

కనుక వచ్చే జూన్ లోపల పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నంలలో ఒక్కొక్క ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా రాత్రి డోసులకూ ఆదివారాలకూ ప్రత్యేకంగా ఒక నర్సును కేటాయించాలని గజపతి, రాయగడ, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా