కాజీపేట ఆటో అన్నకు

ఫిబ్రవరిలో మా హనుమకొండ బ్యాచ్ 12 మందిమి స్కీయింగ్ నేర్చుకుందామని ఉత్తరాఖండ్‌లోని ఔలీకి వెళ్లాం. 2,500 మీటర్ల పైన, ఎటు చూసినా మంచే. ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని వాళ్లం కదా, రెండో రోజే నేను జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను.

ఢిల్లీ నుంచి రైల్లో ఎలాగో కాజీపేటకు చేరాం. అర్ధరాత్రి దాటింది. కట్టు కట్టిన కాలు ఆటోలో పట్టదని ఇద్దరు డ్రైవర్లు రామన్నారు. మీరు మాత్రం ఏమీ అనకుండా వెనక సీటు దిండు ఊడదీసి అడ్డంగా పెట్టారు. మెడలోని తువ్వాలు మడిచి నా మడమ కింద సర్దారు. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ప్రతి గుంత దగ్గరా "సార్, గట్టిగ పట్టుకోండి" అని ముందే చెప్పారు.

మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మీరే వాచ్‌మన్‌ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి, మా దోస్తుతో కలిసి నన్ను పైదాకా మోశారు. నేను 90 కిలోలు! ఎక్కువ ఇవ్వబోతే మాట్లాడుకున్న కిరాయే తీసుకున్నారు.

అన్నా, చాలా థ్యాంక్స్. స్టేషన్ ముందు రెండుసార్లు వెతికించాను, మీరు కనబడలేదు. మీ తువ్వాలు మా ఇంట్లోనే ఉంది, ఉతికి పెట్టాం.