తెల్ల బెల్ట్ నుంచి నల్ల బెల్ట్ దాకా: మన కరాటే సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో ముందు చెప్పాల్సింది బెల్ట్ పరీక్షల సంగతి. ఇదివరకు మూడు నెలలు తిరిగేసరికి క్లాసులో ఉన్న అందరినీ పరీక్షకు నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు మాస్టారు సరే అన్నవాళ్లనే పంపుతున్నాం. దీనికి కొందరు బాధపడ్డారు. ఒకరిద్దరు పిల్లల్ని మాన్పించారు కూడా. అందుకే కారణం వివరంగా చెప్పడం కార్యవర్గం బాధ్యత అనుకుంటున్నాం.

కొత్తగా చేరినవాళ్ల గురించి మాకు పెద్దగా దిగులు లేదు. తెల్ల బెల్ట్‌తో ఉన్నప్పుడు ప్రతి క్లాసులోనూ ఏదో ఒకటి కొత్తగా వస్తుంది. పిడికిలి బిగించడం, జెంకుత్సు దాచిలో ముందు మోకాలు వంచి నిలబడటం, మే గేరి అనే ముందుకు తన్నే కిక్. నిన్న రానిది ఇవాళ వస్తుంటే ఆ హుషారే వేరు. చిక్కంతా ఆకుపచ్చ బెల్ట్ దాటాక మొదలవుతుంది. అక్కణ్ణుంచి నెలల తరబడి ఎంత ప్రాక్టీస్ చేసినా ఎదుగుతున్నట్టు అనిపించదు. మనవాళ్లలో ఎక్కువమంది మానేసేది ఇక్కడే. బెల్టులు త్వరగా ఇచ్చేస్తే ఉత్సాహం నిలుస్తుందని మేమూ కొన్నేళ్లు నమ్మాం. అది పొరపాటు. నడుముకు నల్ల బెల్ట్‌కి ముందుండే గోధుమరంగు బెల్ట్ ఉండి, ఎదుటివాడి పంచ్‌కి కళ్లు మూసుకునే పిల్లవాడికి తనమీద తనకే నమ్మకం పోతోంది.

అందుకని వారంలో ఒక క్లాసును మధ్య బెల్టుల వాళ్లకే కేటాయించాం. అందులో కొత్త కటాలు, అంటే ఒక్కరే వరసగా చేసే కదలికల పాఠాలు, నేర్పరు. అందరికీ వచ్చనుకునే హేయాన్ షోదాన్ అనే కటానే మళ్లీ మొదటినుంచి చేయిస్తారు. ఉన్నవి 21 కదలికలు. మొదటిది ఎడమవైపు తిరిగి చేసే కింది బ్లాక్. ఒక గోధుమరంగు బెల్ట్ అమ్మాయి ఆ ఒక్క కదలిక దగ్గరే మూడు వారాలు ఆగిపోయింది. మాస్టారు తన అరచేతిని ఆమె భుజం మీద ఊరికే ఆనించి చేయమనేవారు. ప్రతిసారీ నడుము తిరగకముందే భుజం లేచి ఆయన చేతిని తోసేది. బలం భుజంలోంచి వస్తోందన్నమాట. ఆమె విసుక్కుంది, ఒకరోజు ఏడ్చింది కూడా. నాలుగో వారం ఒక సాయంత్రం నడుము ముందు కదిలింది, చెయ్యి దాని వెంట వచ్చింది, గీ (కరాటే దుస్తులు) బట్ట టప్పుమంది. మాస్టారి అరచెయ్యి ఉన్నచోటే ఉంది. అప్పటినుంచి ఆమె మిగతా కటాలన్నీ మారిపోయాయి. వాటిని ఎవరూ విడిగా సరిదిద్దలేదు.

కుమితేలోనూ, అంటే ఇద్దరు ఎదురెదురుగా చేసే ఫైట్‌లోనూ, ఇదే వరస పాటించాం. ఐదు అడుగులు వేస్తూ చేసే గోహోన్ కుమితే బాగా వచ్చాకే మూడడుగులతో చేసే సాన్‌బోన్, ఆ తర్వాతే ఒక్క అడుగుతో చేసే ఇప్పోన్. దూరం అంచనా అలవాటుకాకుండా ఫ్రీ ఫైట్‌కి దించితే ధైర్యం రాదు, బెదురు పెరుగుతుంది. ఈ ఏడాది ఒక కుర్రాడు మౌత్ గార్డ్ లేకుండా ఫైట్‌కి దిగి పెదవి చీల్చుకున్నాడు. చూసి ఆపాల్సింది మేము. ఇప్పుడు గార్డులన్నీ చూశాకే లోపలికి పంపుతున్నాం.

నడివయసులో చేరిన సభ్యుల గురించి ఒక్కమాట. వాళ్లు పిల్లలంత తొందరగా కాలు ఎత్తలేరు కానీ, చెప్పింది ఇంట్లో చేసుకుని వచ్చేది మాత్రం వాళ్లే. వాళ్లను చూసి పిల్లలు నేర్చుకోవాల్సింది ఉంది.

నల్ల బెల్ట్ పరీక్షకు ఈసారి ఎవరినీ పంపలేదు. నల్ల బెల్ట్ వస్తే చదువు పూర్తయినట్టేనని చాలామంది ఇళ్లలో అనుకుంటున్నారు. నల్ల బెల్ట్‌లో ఉండే దాన్ అనే ఈ మెట్ల పద్ధతి మొదట జూడోది. జూడోను స్థాపించిన జిగోరో కానో 1883లో తన ఇద్దరు శిష్యులకు మొదటిసారి ఇచ్చారు. కరాటేలో గురువు గిచిన్ ఫునాకోషి 1924లో దాన్ని తీసుకున్నారు. దాన్‌లలో మొదటిదైన ‘షోదాన్’ అంటే మొదలుపెట్టే మెట్టు అని అర్థం. అంతవరకూ అక్షరాలు దిద్దినట్టు, అక్కణ్ణుంచి చదవడం మొదలన్నట్టు. మన నల్ల బెల్ట్ సభ్యులు తెల్ల బెల్టుల వాళ్లకు నేర్పుతుంటే తమ తప్పులు తమకే కనిపిస్తున్నాయని చెబుతున్నారు. అందుకే వచ్చే ఏడాది నుంచి నల్ల బెల్ట్ పరీక్షకు వెళ్లదలచినవాళ్లు కనీసం ఆరు నెలలు కొత్తవాళ్ల క్లాసులో సాయం చేయాలని తీర్మానించాం.

జమాఖర్చుల పట్టిక విడిగా అందజేశాం. పాత మ్యాట్లు మార్చడం ఒక్కటే చెప్పుకోదగ్గ ఖర్చు.

తర్వాతి బెల్ట్ పరీక్ష రోజున ముందుగా అందరూ కలిసి హేయాన్ షోదాన్ చేస్తారు. బెల్టుల ప్రకారం వరసలు ఉండవు. నిన్న చేరిన పిల్లవాడి పక్కనే పదేళ్లుగా నల్ల బెల్ట్ ఉన్నవాళ్లు నిలబడతారు. తల్లిదండ్రులు కాస్త ముందే వచ్చి కూర్చోవాలని మనవి.