జాతరకు పోయే కత్తి, రీల్స్‌లో తిరిగే తల్వార్

సంపాదకుడు గారికి,

వరంగల్ చౌరస్తా దగ్గర మాది ఇనుప సామాన్ల దుకాణం. మా నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కత్తిపీటలు, కొడవళ్లు, మటన్ కొట్టే కత్తులు, బోండాలు కొట్టే కత్తులు, గొడ్డళ్లు అన్నీ అమ్ముతాం. రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గర పడుతుంటే గిరాకీ పెరుగుతుంది. కోడినో మేకనో మొక్కుకున్నవాళ్లు కొత్త కత్తి కొంటారు. డబ్బులిచ్చి, కత్తి చేతిలోకి తీసుకున్నాక చాలామంది అడిగేది ఒకటే. "సేటూ, బస్సుల తీస్కపోతే పోలీసోళ్లు ఏమన్న అంటరా?"

"ఏమనరు, సంచిల అడుగున పెట్టుకోండ్రి" అనేవాడిని. పోయిన జాతర నుంచి ఆ మాట అనడం మానేశాను.

ఆ జాతరకు మా బావమరిది కుటుంబం ట్రాలీ ఆటోలో బయల్దేరింది. మేక ఉంది, గిన్నెలున్నాయి, బియ్యం మూట ఉంది, ముగ్గురు పిల్లలున్నారు. మధ్యలో ఒకచోట తనిఖీలో కత్తి తీసి పక్కన పెట్టించారు. కేసు లేదు, కాగితం లేదు. ఏ రూల్ కింద అని అడిగితే "జాతరల కత్తులు బంద్" అన్నారట. తీరా అక్కడికి చేరాక చూస్తే, కత్తులు అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి! పక్క గుడారం వాళ్ల కత్తి అడుక్కుని పని కానిచ్చుకొచ్చారు.

పోలీసులను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. లక్షల మంది వచ్చే చోట వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ ఏది తీసుకెళ్లవచ్చో ఏది కూడదో కొనేవాడికీ, అమ్మే నాకూ, ఆపిన కానిస్టేబుల్‌కూ ఒకేలా తెలిసి ఉండాలి కదా. తెలుసుకుందామని మా దుకాణానికి వచ్చే ఒక వకీలు గారిని పట్టుకుని, ఆయుధాల చట్టం చదివించుకున్నాను.

చట్టం 1959 నాటిది. దాని కింద ఇప్పుడున్న నియమాలు 2016లో వచ్చాయి. దాడికైనా ఆత్మరక్షణకైనా ఆయుధంగా తయారైనదే, లేదా అలా మార్చుకున్నదే చట్టం దృష్టిలో ఆయుధం. ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే చేసిన వస్తువులు అందులోకి రావు. నియమాల్లో తల్వార్లు, బాకులు, బల్లేలు, తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు ఒక జాబితాలో ఉన్నాయి. అక్కడా ఇంటి, వ్యవసాయ, పరిశ్రమల పనిముట్లను మినహాయించారు. నా దుకాణంలో మటన్ కత్తి రెండు అంగుళాల వెడల్పు ఎప్పుడో దాటింది. అయినా అది వంటింటి వస్తువే.

ఇంతవరకు తేలికే. చిక్కంతా ఆ తర్వాత ఉంది. ఈ జాబితాలోని కత్తులు దగ్గర పెట్టుకోవడానికి లైసెన్స్ కావాలా అన్నది, ఆయుధాల చట్టం సెక్షన్ 4 కింద ఆ ప్రాంతానికి ప్రభుత్వ నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది. అందుకే ఒక ఊరి లెక్క ఇంకో ఊరికి పనికిరాదు. యూట్యూబ్‌లో ఒకాయన "మూడంగుళాలు దాటితే జైలే" అని చెబుతుంటాడు. అది 1980 నాటి ఢిల్లీ నోటిఫికేషన్. బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల లాంటి వాటి గురించి పెట్టిన కొలత, 7.62 సెంటీమీటర్లు. దాన్ని చూసి ఇక్కడ కూరగాయల చాకు కొనడానికి భయపడ్డ పెద్దమ్మను నేను చూశాను.

ఇక అదే చట్టంలో సెక్షన్ 20 అనేది ఒకటుంది. చెడ్డ పనికే పట్టుకెళ్తున్నాడని అనుమానించడానికి తగిన కారణం కనబడితే, లైసెన్స్ ఉన్న ఆయుధమైనా సరే, పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. అంటే వస్తువుతో పాటు వేళ, చోటు, తీరు కూడా చూస్తారన్నమాట. తాటిచెట్ల కాడికి పోయే గీత కార్మికుడి నడుముకున్న కత్తిని ఎవరూ అడగరు. అదే కత్తి అర్ధరాత్రి బార్ ముందు ఒకడి చొక్కా కింద దొరికితే అడుగుతారు, అడగాలి కూడా.

హనుమకొండలో హాస్టల్‌లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి వచ్చి, "అంకుల్, సేఫ్టీకి బ్యాగ్‌లో పెట్టుకునే చిన్న చాకు ఇవ్వండి" అంది. ఇవ్వలేదు. ఆత్మరక్షణకు అని తన నోటితో తాను చెబితే, కూరగాయల చాకు మీద కూడా పోలీసులకు అనుమానం రావచ్చు. పైగా గుంజుకుంటే అది ఎదుటివాడి చేతికి పోతుంది. పెప్పర్ స్ప్రే కొనుక్కో బిడ్డా, 112 నంబర్ ఫోన్‌లో పైనే పెట్టుకో అని పంపించాను. గిరాకీ పోయిందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మరి తల్వార్ల సంగతి? బర్త్‌డే కేకు కోయడానికి తల్వార్, బారాత్‌లో డీజే ముందు ఊపడానికి తల్వార్. పొరగాళ్లు నా దగ్గరికొచ్చి "కాకా, తల్వార్ ఉందా?" అని అడుగుతారు. లేదంటే "ఆన్‌లైన్‌ల దొరుకుతది తీ" అని వెళ్లిపోతారు. వంటింటి వస్తువని దాన్ని ఎవరూ అనలేరు, జాబితాలో మొదటి పేరే అది. రీల్ వైరల్ అయ్యాక కేసు పెట్టి ఫొటో విడుదల చేస్తారు. మేక వెంట పోయే కత్తి మీద ఉన్న చూపులో సగం బారాత్‌ల మీద పెడితే రీల్ దాకా పోదు.

ఇప్పుడు నేను అడిగేది. ఎన్నికలప్పుడు, పరీక్షలప్పుడు, పండుగలప్పుడు ఒకప్పటి 144 సెక్షన్, ఇప్పుడు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 163 కింద నిషేధ ఉత్తర్వులు వస్తాయి. ఒక ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. అందులో "మారణాయుధాలు" అని ఒక్క మాట ఉంటుంది. కొబ్బరి బోండాల బండివాడి కత్తి అందులోకి వస్తుందా? ఉత్తర్వులోనే మినహాయింపు ఏమిటో రాయాలి. సెక్షన్ 4 నోటిఫికేషన్ మన కమిషనరేట్‌లో, ములుగు జిల్లాలో అమల్లో ఉందో లేదో తెలుగులో బోర్డు మీద రాసి హనుమకొండ బస్టాండులో, కాజీపేట స్టేషన్‌లో, మేడారం దారి పొడవునా పెట్టాలి. జాతరకు కత్తులు బంద్ అయితే బంద్ అని పది రోజుల ముందే చెప్పాలి, అక్కడ అమ్మకాలూ ఆపాలి. తీసుకున్న వస్తువుకు కాగితం ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సంహితలోనే, స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని సెక్షన్ 105 చెబుతోంది. ఫోన్ లేని పోలీసు ఎవరున్నారు?

నా వంతు నేను మొదలుపెట్టాను. కత్తి అంచుకు అట్ట చుట్టి, పైన పేపరు కట్టి, బిల్లు మీద "ఇంటి వాడకానికి" అని రాసిస్తున్నాను. బిల్లు ఉంటే ఎవరూ ఆపరని కాదు, ఆపితే చూపించడానికి ఒకటుంటుంది. పోలీసు వారు ఆ బోర్డు కాపీ ఒకటి ఇస్తే గల్లాపెట్టె వెనక గోడకు నేనే అంటిస్తాను. మా బావమరిది కత్తిని మాత్రం ఇక అడగను. దాని ఖరీదు రెండు వందల యాభై, ఈసారి ఇంకోటి నేనే ఇస్తాను.

– ఇనుప సామాన్ల వ్యాపారి,
వరంగల్ చౌరస్తా