నీ గేములు ఇంకా ఇక్కడే లేస్తున్నాయి

పెరంబూర్, చెన్నై
ఆదివారం

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నాన్నగారి మోకాలు మామూలే.

మొన్న ఫోన్లో "ఆ డొక్కు కంప్యూటర్ పారేసి కొత్తది కొనుక్కోండమ్మా" అన్నావు. పారెయ్యను. ఎందుకో ఫోన్లో చెప్పబోతే నీకు మధ్యలో మీటింగు వచ్చి పడుతుంది, అందుకే రాస్తున్నా.

పొద్దున బటన్ నొక్కి, డికాక్షన్ దింపి, పాలు కాచి, నాన్నగారికి కాఫీ ఇచ్చి వచ్చినా ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. ఒకరోజు విసుగొచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్క్ వాడకం నూటికి నూరు! స్టార్టప్ ట్యాబ్‌లో చూద్దును కదా, నీ గేముల లాంచరు, కాలేజీ రోజుల మీటింగు యాప్, ఎప్పుడో అమ్మేసిన ఫోను తాలూకు సాఫ్ట్‌వేరు. నువ్వు పుణె వెళ్ళి రెండేళ్ళయింది, నీ సరంజామా మాత్రం రోజూ నాకంటే ముందే లేస్తోంది. పక్కన 'హై' అని, అంటే కంప్యూటర్ లేవడాన్ని బాగా ఆలస్యం చేసేవని, ఉన్నవన్నీ డిసేబుల్ చేశాను. కావాలంటే మనమే తెరుచుకోవచ్చు కాబట్టి వాటితో పేచీ లేదు.

పేచీ అంతా సర్వీసులతోనే. అవి తెర మీద కనబడవు, మనం పాస్‌వర్డ్ కొట్టకముందే పని మొదలెట్టేస్తాయి. 2019 ఎండాకాలంలో మెట్రో వాటర్ లారీ వస్తే వీధంతా బిందెలతో ఒక్కసారే ఎగబడేది, గుర్తుందా? మన పాత హార్డ్ డిస్కు దగ్గర పొద్దున్నే అదే జరుగుతోంది. అందుకే కొన్నిటికి 'ఆటోమేటిక్, డిలేడ్ స్టార్ట్' అని పెడతారట. అవి తోపులాట అయ్యాక, మామూలుగా రెండు నిమిషాలాగి లేస్తాయి.

నేను చేసిన ఘనకార్యం కూడా విను, నాన్నగారు ఎలాగూ చెప్పేస్తారు. 2021లో ప్రింట్ స్పూలర్ అనే సర్వీసులో పెద్ద లొసుగు బయటపడితే, దాన్ని ఆపుకోవడం ఒక మార్గమని మైక్రోసాఫ్టే చెప్పిందని చదివాను. ఆపితే ప్రింటు రాదన్న ముక్క వదిలేశాను. మన స్పూలర్‌ని డిసేబుల్డ్ చేసి హాయిగా నిద్రపోయాను. వారం తర్వాత పెన్షన్ కాగితం ప్రింటు తియ్యబోతే ప్రింటరే కనబడదు! కేబుల్ మార్చాను, ఇంకు మార్చాను, చివరికి ప్రింటర్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో రిచీ స్ట్రీట్‌కి వెళ్ళాను. కొట్లో కుర్రాడు తన లాప్‌టాప్‌కి తగిలించి టకటకా నాలుగు కాగితాలు తీసి, "అమ్మా, ప్రింటర్ నల్లా ఇరుక్కు" అన్నాడు. బాగుందిట! రానూ పోనూ ఆటో ఖర్చు నాన్నగారికి ఇప్పటికీ చెప్పలేదు.

అప్పట్నుంచి డిసేబుల్డ్ జోలికి తొందరపడి వెళ్ళడం లేదు. 'మాన్యువల్' అని పెడితే ఎవరికైనా అవసరమైనప్పుడు అదే లేస్తుంది. డిసేబుల్డ్ పెడితే ఎవరు పిలిచినా లేవదు. సర్వీసుల జాబితాలో పేరు మీద రెండుసార్లు నొక్కితే డిపెండెన్సీస్ అని ఒక ట్యాబ్ వస్తుంది, దాని మీద ఆధారపడ్డవాళ్ళు ఎవరో అందులో ఉంటుంది. రిమోట్ ప్రొసీజర్ కాల్ అన్నదాన్ని తెరిచి ఆ జాబితా చూసి భయపడి మూసేశాను. యాంటీవైరస్‌నీ ముట్టలేదు. ఎంఎస్‌కాన్ఫిగ్ అని విండోస్‌లోనే ఉన్న సెట్టింగుల పనిముట్టులో మైక్రోసాఫ్ట్ సర్వీసుల్ని దాచే టిక్కు ఒకటుంది. అది పెడితే మనం తెచ్చి పెట్టుకున్నవే మిగులుతాయి. వాటిలోనే చెయ్యి పెడుతున్నా, అదీ రోజుకొకటి. పేరు, ముందు ఏముంది, ఏం మార్చాను, తేదీ, అన్నీ పాల లెక్క పుస్తకం వెనకాల రాస్తున్నా.

ఇంకోటి. రాత్రి మార్చి షట్‌డౌన్ చేస్తే పొద్దున తేడా కనబడేది కాదు. ఫాస్ట్ స్టార్టప్ అని ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదట, లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని మళ్ళీ అదే తెస్తుందట. రీస్టార్టే కొట్టాలి. ఇది తెలియక మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇప్పుడు పాలు పొంగేలోపే తయారవుతోంది. చివర్లో నాలుగు పేర్లు మిగిలాయి, నాలుగూ నీ హయాంలోవే. ప్రస్తుతానికి మాన్యువల్‌లో పెట్టాను. ఫొటో వాట్సాప్‌లో పంపాను. ఏవి నీకు ఇంకా కావాలో ఈ శనివారంలోగా చెప్పు, లేకపోతే సాఫ్ట్‌వేరుతో సహా తీసేస్తా.

కందిపొడి కొరియర్ చేశాను. డబ్బా తిరిగి పంపించు.

ఇట్లు
అమ్మ